పిన్ను దేనికి తగిలితే అదే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల నా పని గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఆ వ్యాసం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నాది అనంతపురం జిల్లా. తిరుపతి వ్యవసాయ కాలేజీలో చదివి, తర్వాత అమెరికాలో పచ్చిక భూముల మీద ఎమ్మెస్ చేశాను. ఇప్పుడు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెవాడా రాష్ట్రంలోని ఎల్కో చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో సన్నటి పిన్ను గుచ్చి మొక్కల్నీ, నీళ్లలో ముంచి మట్టినీ కొలిచే చిన్న బృందాన్ని నడుపుతుంటాను. అందరికీ జవాబులు రాయలేను కాబట్టి కొన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా అక్క కూతురు అమెరికాలోనే పుట్టి పెరిగింది. డిగ్రీ కాగానే ఏదైనా మంచి ఉద్యోగం చూసుకుంటుందనుకుంటే, నెవాడా ఎడారిలో గడ్డి లెక్కపెట్టే సీజన్ ఉద్యోగంలో చేరింది. ఎనిమిదేసి రోజులు గుడారంలోనే పడుకుంటారట, ఫోను కలవదు. మా అక్కకు కంటిమీద కునుకు లేదు. ఆడపిల్లకు అక్కడ క్షేమమేనా? అసలిదేం ఉద్యోగం? – ఒక పిన్ని, నంద్యాల

జవాబు: అమ్మా, ముందు క్షేమం సంగతి చెబుతాను, ఉద్యోగం సంగతి కింది జవాబుల్లో మీకే తెలుస్తుంది.

ఒంటరిగా ఎవర్నీ పంపరు. కనీసం ఇద్దరు, మామూలుగా ముగ్గురు కలిసి ఒక ట్రక్కులో వెళ్తారు. సెల్ సిగ్నల్ ఉండదన్నది నిజమే. కానీ ఉపగ్రహం ద్వారా మెసేజి పంపే చిన్న పరికరం ప్రతి బృందం దగ్గరా ఉంటుంది. ఎక్కడ మకాం వేశామో సాయంత్రం ఫలానా వేళకల్లా ఆఫీసుకు చెప్పాలి. చెప్పకపోతే వాళ్లే వెతకడం మొదలుపెడతారు. ఎనిమిది రోజుల పని తర్వాత ఆరు రోజులు సెలవు. మీ అమ్మాయి అప్పుడైనా అమ్మకు ఫోను చేయకపోతే అది నెట్‌వర్క్ తప్పు కాదు, పిల్ల తప్పు!

అసలు భయపడాల్సింది రోడ్డుకు. పదునైన గులకరాళ్లకు టైర్లు చీలిపోతాయి. వాన పడితే బంకమట్టి దారి జారుడుబండ అయిపోతుంది, ఎంత మంచి ట్రక్కయినా పక్కకు పోతుంది. వాన పడిందంటే కదలకుండా ఉన్నచోటే ఆగిపోవాలి, అది మా మొదటి నియమం. జూలైలో మధ్యాహ్నం పిడుగులు పడతాయి కాబట్టి ఆ వేళకు గుట్టల మీది నుంచి దిగిపోతాం.

ఆడవాళ్లు అడగాలని ఉండీ అడగని సంగతి కూడా చెప్పేస్తాను. మరుగుదొడ్డి ఉండదు, చిన్న పార ఉంటుంది. నీళ్లకు 200 అడుగుల దూరంలో ఆరంగుళాల గుంట తవ్వి మళ్లీ పూడ్చేయాలి. నెలసరి రోజుల్లో వాడినవి మాత్రం పాతిపెట్టకూడదు, జంతువులు తవ్విపోస్తాయి. సంచిలో కట్టి ఊరికి తెచ్చి పారేయాలి. మొదట్లో ఇబ్బందిగా ఉన్నా రెండో విడతకల్లా అలవాటైపోతుంది.

తిండి విషయానికొస్తే, ఏడు వేల అడుగుల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో అన్నం ఎంతసేపటికీ పలుకు వదలదు. అందుకే నేను చిన్న ప్రెషర్ కుక్కర్ ట్రక్కులో వేసుకుంటాను. పచ్చళ్లకు ఫ్రిజ్ అక్కర్లేదు కదా. మీ అక్కగారిని ఏడవడం మాని ఒక కేజీ గోంగూర పచ్చడి పంపమనండి. ఆ పిల్లకు బృందంలో పలుకుబడి పెరుగుతుంది.

ప్రశ్న: అక్కడ పాములుంటాయా? – ఆరో తరగతి విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉంటాయి నాన్నా. రాటిల్‌స్నేక్ అని, తోక చివర గిలక ఉంటుంది. మనం దగ్గరికెళ్తే చాలాసార్లు ఆ గిలక ఆడించి హెచ్చరిస్తుంది. ఎప్పుడూ మోగిస్తుందన్న నమ్మకం లేదు, అందుకే చూడకుండా రాతి సందుల్లో చెయ్యి పెట్టం.

ప్రశ్న: రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరు 'ప్రభుత్వ భూములు' అని రాశారు. అవి మన బంజరు, మేత పోరంబోకు లాంటివా? పట్టా ఎవరిది, శిస్తు ఎవరికి? – విశ్రాంత ఉద్యోగి, నల్గొండ

జవాబు: మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు సార్. పోలిక కొంతవరకే సరిపోతుంది. ఈ భూములు కేంద్ర ప్రభుత్వానివి, చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ. 1946లో పాత ల్యాండ్ ఆఫీసునూ మేత వ్యవహారాలు చూసే విభాగాన్నీ కలిపి దీన్ని పెట్టారు. దీని చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపితే దాదాపు 6.8 కోట్ల ఎకరాలు, మీరే లెక్కేసుకోండి. ఒక్క నెవాడాలోనే 4.8 కోట్ల ఎకరాల దాకా దీని కింద ఉంది.

సాగు చేస్తామన్నవాళ్లకు ప్రభుత్వం భూములు పంచుతున్న కాలంలో, నీళ్లున్న లోయలన్నీ జనం తీసుకున్నారు. నీళ్లు లేని మిగతాదంతా ప్రభుత్వానికే మిగిలింది. అడిగేవాడు లేక అందరూ మందల్ని తోలి మేపేశారు, నేల పాడైపోయింది. అప్పుడు 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం తెచ్చి, ఎవరు ఎక్కడ ఎన్ని పశువుల్ని ఎన్నాళ్లు మేపాలో పర్మిట్ పెట్టారు. ఇప్పుడు ఆ పర్మిట్లు మామూలుగా పదేళ్లకు ఇస్తారు. ఒక ఆవూ దూడా, లేదా ఒక గుర్రం, లేదా అయిదు గొర్రెలు ఒక నెల మేస్తే ఒక లెక్క. ఆ ఒక్కో లెక్కకు 2019 నుంచి 2025 దాకా మారకుండా 1.35 డాలర్లే. అంతకంటే తగ్గకూడదని 1986లోనే హద్దు పెట్టారు, ఆ ఏళ్లన్నీ అక్కడే అతుక్కుపోయింది. ప్రైవేటు భూమిలో మేతకు దీనికి ఎన్నో రెట్లు అడుగుతారు. ఇది చాలా చవకని పర్యావరణం వాళ్లు, కంచెలూ నీటితొట్లూ మా ఖర్చేగా అని పశువుల ఆసాములు ఎప్పటినుంచో కొట్లాడుకుంటూనే ఉన్నారు.

పట్టా గురించి అడిగారు కాబట్టి ఇంకో సంగతి. నేను పనిచేసే ప్రాంతం వెస్టర్న్ షోషోనీ అనే ఆదివాసుల నేల. 1863లో రూబీ వ్యాలీ దగ్గర వాళ్లతో ఒప్పందం రాసుకున్నారు. అందులో దారి ఇచ్చాం, భూమి ఇవ్వలేదు అన్నది వాళ్ల వాదన, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారు. మీ సర్వీసులో ఇలాంటి ఫైళ్లు మీరూ చూసే ఉంటారు.

ప్రశ్న: ఉపగ్రహాలు పైనుంచి ప్రతి గజం ఫోటో తీస్తుంటే, మనుషులు వెళ్లి పిన్ను గుచ్చి గడ్డి లెక్కపెట్టడం దండగ కాదా? – ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, నువ్వన్న ఉపగ్రహానికి గడ్డి అంటే ఏమిటో చెప్పింది ఆ పిన్నే. పడమటి రాష్ట్రాల్లో ఎక్కడ ఎంత గడ్డి, ఎంత పొద, ఎంత ఖాళీ నేల ఉందో చూపించే రేంజ్‌ల్యాండ్ అనాలిసిస్ ప్లాట్‌ఫామ్ అని ఒక ఆన్‌లైన్ పటం ఉంది. దాని వెనకున్న మెషీన్ లెర్నింగ్‌ను నేలమీద కొలిచిన వేలకు వేల ప్లాట్ల (అంటే కొలతకు ఎంచిన చిన్న చిన్న చోట్ల) లెక్కలతోనే నేర్పించారు. మేం పంపే లెక్కలు చేరేది అలాంటి చోట్లకే. పైనుంచి చూస్తే పచ్చదనం తెలుస్తుంది గానీ, పొద కింద దాక్కున్న గడ్డి మొలక ఏ జాతిదో తెలియదు. మట్టి గట్టిదో పొడిదో అసలే తెలియదు.

పని ఇలా ఉంటుంది. ఎక్కడ కొలవాలో మేం నిర్ణయించం. కంప్యూటర్ అచ్చంగా లాటరీ పద్ధతిలో చోటు ఎంచి ఇస్తుంది. రోడ్డు పక్కన పచ్చగా ఉంది కదా అని అక్కడ టేపు పరిస్తే కుదరదు, గుట్ట వెనక్కి అయినా నడవాల్సిందే. మధ్యలో ఒక మేకు పాతుతాం. దానికి అయిదు మీటర్ల అవతల నుంచి మొదలుపెట్టి ఉత్తరానికి ఒకటి, అక్కణ్నుంచి 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు వైపులా 25 మీటర్ల టేపులు లాగుతాం. సరిగ్గా మేకు దగ్గర్నుంచే మొదలుపెట్టకపోవడానికి కారణం, అక్కడ మా బూట్లే అంతా తొక్కేస్తాయి. టేపుకు కూడా ఒక పక్కనే నడవాలి, రెండో పక్క కొలతకు వదిలేయాలి.

ప్రతి అర మీటరుకూ సన్నటి ఇనప పిన్ను నిటారుగా వదులుతాం. పైనుంచి కిందికి ఏయే ఆకులకు తగిలిందో వరసగా చెప్పాలి, చివరికి నేలమీద ఎక్కడ దిగిందో చెప్పాలి: మట్టా, రాయా, ఎండుటాకా, నాచా. ఒకరు చెబుతుంటే ఒకరు ట్యాబ్లెట్‌లో కొడతారు. ఇలా ఒక్కో ప్లాట్‌కు 150 చోట్ల. తర్వాత టేపు వెంట మొక్కలకూ మొక్కలకూ మధ్య 20 సెంటీమీటర్లు దాటిన ప్రతి ఖాళీనీ కొలుస్తాం, ఎందుకంటే గాలికి మట్టి లేచేది ఆ ఖాళీల్లోంచే. ఆ మీదట గుంట తవ్వి మట్టి పొరలు చూడడం, తడిపి వేళ్ల మధ్య రిబ్బన్‌లా సాగదీసి బంక ఎంతుందో తేల్చడం, ఆమ్లం చుక్క వేసి సున్నం పొంగుతుందేమో చూడడం, ప్లాట్‌లో కనిపించిన ప్రతి జాతినీ జాబితా వేయడం. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలుతుంది.

ఒకసారి ఒక పెద్దాయన కుక్కను వెంటేసుకుని నాలుగు చక్రాల బండి మీద మా దగ్గరికొచ్చాడు. ఆ మేత పర్మిట్ ఆయనదే. "నా ఆవులు ఎంత తిన్నాయో లెక్క తేల్చడానికొచ్చారా?" అన్నాడు, నవ్వకుండా. పిన్ను ఆయన చేతికిచ్చి, మీరే వేయండి, నేను రాస్తా అన్నాను. రెండు చోట్ల పొదకు తగిలింది. మూడోచోట మంచి గడ్డిదుబ్బు పక్కనే, వెంట్రుకవాసిలో తప్పి వట్టి మట్టిలో దిగింది. "ఇది గడ్డే రాసుకోమ్మా, కనిపిస్తోంది కదా" అన్నాడు. తగల్లేదు కదా అన్నాను. మొహం చిట్లించి ముందుకు జరిగాడు. ఇంకాస్త దూరం పోయాక పొద కింద, పైకి ఏమీ కనిపించని చోట, పిన్ను పచ్చటి దర్భలాంటి పోచకు తగిలింది. వంగి చూసి, "ఇదీ రాస్తావా?" అన్నాడు. రాస్తాను, పిన్ను దేనికి తగిలితే అదే అన్నాను. టేపు చివరిదాకా తనే వేశాడు. ఆ తర్వాత ఆవులు నీళ్లకు ఏ దారిన దిగుతాయో, ఏ ఏడు మంచు తక్కువ పడిందో చెప్పుకుంటూ కూర్చున్నాడు. అవన్నీ వ్యాఖ్యల గడిలో రాసుకున్నాను. పర్మిట్ మళ్లీ రాసేటప్పుడు ఈ లెక్కలూ బల్లమీదుంటాయి. ఆయనకు నచ్చేట్టో, ఆయన్ని తప్పుపట్టేవాళ్లకు నచ్చేట్టో పిన్ను జరిపితే రేపు ఎవరూ నమ్మరు.

మనుషులు కొలిస్తే తేడాలు రావా అంటావేమో. వస్తాయి. అందుకే సీజన్ మొదట్లోనూ మధ్య మధ్యలోనూ అందరం ఒకే టేపు మీద విడివిడిగా కొలిచి సరిచూసుకుంటాం. హద్దు దాటితే మళ్లీ చేయాల్సిందే. దీనికి తిట్టుకోనివాళ్లు లేరు.

ప్రశ్న: అంత దూరంలో మన మొక్కలేమైనా కనిపిస్తాయా? – ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: కనిపిస్తాయండీ, కొన్ని చుట్టాలు, కొన్ని అచ్చంగా మనవే. వినాయకచవితి పత్రిలో మాచీపత్రం ఉంటుంది కదా, నెవాడా అంతా పరుచుకున్న సేజ్‌బ్రష్ దానికి దగ్గరి చుట్టం, రెండూ ఆర్టిమీసియాలే. ఆకు నలిపితే ఘాటు గుప్పుమంటుంది. వాన పడ్డాక లోయంతా అదే వాసన. చక్రవర్తికూర ఇళ్ల చుట్టూ మొలుస్తుంది, కోసుకుని పప్పులో వేసుకుంటాను కూడా. పల్లేరుకాయ ఉంది, సైకిళ్ల టైర్లకు అది శత్రువు. ఎలాగో ఇక్కడిదాకా వచ్చి చేరింది.

కానీ నా దిగులంతా ఇంకో గడ్డి గురించి. చీట్‌గ్రాస్ అంటారు. యూరప్, ఆసియాల నుంచి 19వ శతాబ్దంలో వచ్చి ధాన్యం వెంటా రైలుదారుల వెంటా వ్యాపించింది. ఇక్కడ ఏడాదికి సగటున 250 మిల్లీమీటర్లే తడి, అందులో ఎక్కువ భాగం చలికాలం మంచుగానే పడుతుంది. మన అనంతపురంలోనే 550 దాకా పడుతుందంటే ఇక ఊహించుకోండి. ఈ గడ్డి చలికి ముందే మొలిచి, స్థానిక గడ్డి కళ్లు తెరిచేలోపు తడి తాగేసి, జూన్‌కల్లా ఎండి నిలబడుతుంది. నిప్పురవ్వ పడితే చాలు. విడివిడిగా నిలబడే సేజ్‌బ్రష్ పొదల మధ్య ఇదివరకు ఖాళీలుండి మంట ఆగిపోయేది, ఇప్పుడు ఆ ఖాళీల్ని ఈ గడ్డి కలిపేసింది. సేజ్‌బ్రష్ కాలితే మొదలు నుంచి చిగుర్చదు, గడ్డి మాత్రం మరుసటేడే తయారు. 2018లో నెవాడాలోని ప్యారడైజ్ వ్యాలీ దగ్గర మార్టిన్ ఫైర్ అనే మంట నాలుగు లక్షల ఎకరాలకు పైగా తినేసింది. కొన్ని ప్లాట్లలో టేపు ఈ చివర నుంచి ఆ చివర దాకా పిన్ను దీనికే తగులుతుంది. దాని గింజల ముళ్లు సాక్సుల్లో దిగబడి ఇంటిదాకా వస్తాయి. మకాం మార్చేముందు బూట్లు దులుపుకోవడం కూడా మా పనిలో భాగమే.

ప్రశ్న: మట్టిని నీళ్లలో ముంచి మార్కులేస్తారని రాశారు. మాది ఎర్రనేల, ఏటా వేరుశెనగే. ఆ పరీక్ష నేనూ చేసుకోవచ్చా? – ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: భేషుగ్గా చేసుకోవచ్చన్నా. ఈ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది, మనది ఒకే జిల్లా.

మా దగ్గర 18 గదులున్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ప్రతి గదికీ ఒక చిన్న జల్లెడ. నీకు టీ జల్లెడ, వెడల్పాటి స్టీలు గిన్నె, ఫోనులో టైమరు చాలు. నేల పైపొర నుంచి శెనగగింజంత వెడల్పున్న పెళ్ల మెల్లగా ఎత్తు. మందం రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. పెళ్ల ఎండి ఉండాలి, తడి ఉంటే నీడలో ఆరబెట్టు. జల్లెడలో పెట్టి నీళ్లలోకి దించి చూస్తూ ఉండు. అయిదు సెకన్లలో సగం కరిగిపోతే మార్కు ఒకటి. పెళ్లను ఎత్తబోతేనే పొడి అయిపోయినా ఒకటే. అరనిమిషంలోపు సగం పోతే రెండు. అయిదు నిమిషాల్లోపు సగం పోతే మూడు. అప్పటికీ నిలబడితే జల్లెడను అయిదుసార్లు పైకెత్తి ముంచు. మిగిలింది పదో వంతులోపుంటే మూడే, పావు దాకా ఉంటే నాలుగు, ముప్పావు దాకా అయిదు, అంతకు మించితే ఆరు. చూస్తుంటే చిత్రంగా ఉంటుంది. ఒక పెళ్ల బుడగలు వదిలి పొగలా విచ్చుకుపోతుంది, పక్క పెళ్ల రాయిలా కూర్చుంటుంది. రెండూ ఒకే చోట గజం దూరంలో తీసినవే. పొద కింద వేళ్లూ బూజుదారాలూ ఆకుకుళ్లూ కలిసి మట్టిని అతికి ఉంచుతాయి, ఖాళీలో ఆ జిగురు ఉండదు. ఇక్కడ కొన్నిచోట్ల నేలమీద నల్లగా గరుకుగా నాచూ సూక్ష్మజీవులూ కలిసిన పొర ఉంటుంది, దానికి ఆరు పడుతుంది. దాన్ని తొక్కితే మళ్లీ రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది కాబట్టి దొరికినంతవరకు రాళ్ల మీదే అడుగులేస్తాం.

రెండు జాగ్రత్తలు. బోరు నీళ్లు వాడొద్దు. మన నీళ్లలో ఉప్పులెక్కువ, కొన్ని ఉప్పులు మట్టిని అతికిస్తాయి, కొన్ని విడగొడతాయి, మార్కు అబద్ధం చెబుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కో, లేదా పట్టిన వాననీళ్లు వాడు. రెండోది, మంచి పెళ్ల కోసం వెతకొద్దు. చేను మూల నుంచి నడుస్తూ పదేసి అడుగులకు కాలి బొటనవేలు ముందు ఏముంటే అదే తియ్యి. గట్టు మీద దున్నని చోటా, చింతచెట్టు కిందా, చేను నడుమా విడివిడిగా తీసి రాసుకో.

చేను నడుమ ఒకటి రెండే వస్తే, తొలివానకు నేల పైన పెచ్చు కట్టి నీళ్లు ఇంకకుండా పారిపోతున్నాయని అర్థం. అది నీకు పరీక్ష లేకుండానే తెలుసు, అంకెలు ఉంటే మార్పు తెలుస్తుంది. దిబ్బ ఎరువు తోలడం, పంట కోశాక నేలను బోసిగా వదలకపోవడం, దుక్కులు తగ్గించడం, వేరుశెనగలో కందో జొన్నో కలపడం వల్ల మార్కు పెరుగుతుంది. అయితే ఒక్క ఏడాదిలో పెరుగుతుందని చెప్పను. ఏటా అదే నెలలో, దుక్కికి ముందు, అవే చోట్ల చెయ్యి. ఇంకో మాట, ఇది ఎరువు ఎంత వేయాలో చెప్పదు. దానికి భూసార పరీక్ష వేరే చేయించుకోవాల్సిందే.

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎమ్మెస్‌కు అమెరికా వచ్చి ఈ ఉద్యోగం చేయాలనుంది. ఎలా? – విద్యార్థిని, బాపట్ల

జవాబు: చెల్లీ, ముందు చేదు మాట. నేరుగా ఫెడరల్ (అంటే అక్కడి కేంద్ర) ప్రభుత్వం ఇచ్చే సీజన్ పోస్టులకు అమెరికా పౌరసత్వం అడుగుతారు. అవి కూడా ఏడాదికి ఆరు నెలల లోపే, తర్వాత ఇంటికే. అమెరీకోర్ అనే ప్రభుత్వ సేవా పథకం పేరుతో వచ్చేవాటికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. 2025 జనవరిలో ఫెడరల్ నియామకాలు ఆపేసినప్పుడు, ఎన్నో సీజన్లు చేసినవాళ్లు కూడా దిక్కుతోచక కూర్చున్నారు. దీన్ని నమ్ముకుని అప్పు చేసి రావద్దు.

స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఉన్న దారి యూనివర్సిటీయే. పచ్చిక భూములో మట్టిశాస్త్రమో చెప్పే ప్రొఫెసర్ ప్రాజెక్టులో వేసవి ఫీల్డ్‌వర్క్ దొరికితే అదే పద్ధతులు నేర్చుకోవచ్చు. ఏ పనికి ఏ అనుమతి కావాలో కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకో. సీనియర్లు వాట్సాప్‌లో చెప్పింది నమ్మొద్దు. మామూలుగా వేసవి పనులకు చలికాలంలోనే మనుషుల్ని తీసుకుంటారు, ఏప్రిల్‌లో అడిగితే ఏమీ ఉండదు. డ్రైవింగ్ రాకపోతే అడగడమే దండగ.

ఇక దరఖాస్తులో ప్రకృతి అంటే ప్రాణం అని రాయొద్దు, అందరూ అదే రాస్తారు. పువ్వు లేకుండా, కంకి లేకుండా ఎన్ని గడ్డిజాతుల్ని గుర్తుపట్టగలవో రాయి. దానికి అమెరికా రానక్కర్లేదు. మీ కాలేజీ పొలాల గట్ల మీదే గరికా తుంగా ఊదా ఉన్నాయి. తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, అది గడ్డే కాదని అక్కడే తెలిసిపోతుంది. గరికలో ఆకు కాడను కలిసేచోట సన్నటి వెంట్రుకల వరస ఉంటుంది, ఊదలో అక్కడ ఏమీ ఉండదు. చవక భూతద్దంతో కనిపిస్తుంది. ఓ ఇరవై రకాలు ఒత్తి ఆరబెట్టి, అట్టలకు కుట్టి, ఎక్కడ ఏ తేదీన తీశావో రాసి ఫోటోలు పంపు. ఉద్యోగం నా చేతిలో లేదు గానీ, పేర్లు తప్పుంటే దిద్ది పంపుతాను.